నాగవేణి రానన్నదట

“తల్లీకొడుకులు ఇద్దరూ కలిసే చేశారు ఈ పని! నువ్వు చెప్పావు, ఆయన సంతకం పెట్టాడు. నా కాపురానికి నేను పోకుండా నన్నీ పొయ్యికాడ కట్టేసింది మీరిద్దరే. ఇంకెవురూ గాదు!”

నాగవేణి అరుస్తూనే బియ్యం కడుగుతోంది. ఇరవై మందికి సరిపడా బియ్యం. పెరట్లో కట్టెల పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. పది గంటలయింది. పన్నెండు కొట్టేసరికి అన్నం మిరప చేలోకి చేరాలి.

నిన్న సాయంత్రం నరసరావుపేట నుంచి నజీమా ఫోన్ చేసింది. ఆమె భర్త ఇర్ఫాన్, నాగవేణి భర్త గోపీచంద్ ఒకే యూనిట్‌లో జవాన్లు. “అక్కా, మీ వంతు ఫ్యామిలీ క్వార్టరు మాకిచ్చారు. జబల్‌పూర్ పోతన్నాం” అని సంబరంగా చెప్పింది. రాత్రి నిలదీస్తే, అమ్మ చెప్పిందని క్వార్టరు వద్దంటూ సంతకం పెట్టానన్నాడు గోపీచంద్. ఆ కోపం ఇప్పుడు పగిలింది.

గోపీచంద్ మంచం మీద కూర్చుని బూట్లకు పాలిష్ పెడుతున్నాడు. సెలవు ఇంకా మూడు రోజులుంది.

“గొంతు తగ్గించు. బజార్లోకి ఇనపడిద్ది” అన్నాడు.

“ఇనపడనీ. ఇరవై ఏడు రోజుల్నించి నా చేతి కూడు తింటన్నావు. ఒక్క పూటన్నా ఆ మాట నీ నోట్లోంచి రాలేదేంది? మన పిల్ల లహరి టీసీ కోసం హెడ్మాస్టారికి అర్జీ రాశా. నీ ముందరే కూర్చుని రాశా. జబల్‌పూర్ ఎట్టా రాయాలయ్యా అని నిన్నే అడిగా. అక్షరం అక్షరం చెప్పావు గూడా!”

గోపీచంద్ బ్రష్షు పాలిష్ డబ్బాలో అద్దాడు.

వసారాలో కాళ్ళు చాపుకుని చింతపండు గింజలు తీస్తున్న అత్త గురవమ్మ ఇక పట్టలేకపోయింది.

“ఏమే, వాణ్ణంటావేంది? చెప్పింది నేను. ఫోన్ చేసి మరీ చెప్పా. మూడెకరాల కాయ చేలో పండి నిలబడుంది. కోసేవాళ్ళు లేక హనుమంతరావు చేలో కాయ రాలిపోతంది, కళ్ళతో చూడటంలా? అంకమ్మ కూలీల ముఠా మన చేలోకే ఎందుకొస్తందనుకున్నావు? నీ కూరకి! ‘నీ కోడలు వండకపోతే మేం రాం వదినా’ అని పోయిన కోతలప్పుడు నా మొహానే చెప్పి పోయింది. నా మోకాళ్ళు ఎట్టున్నాయో చూస్తన్నావుగా. ఇరవై మందికి వార్చి పోసే ఓపిక నాకుందా?”

“అయితే నన్ను అడగొచ్చుగా అత్తా! ఒక్క మాట. కోతలయ్యాక పోవే అని ఒక్క మాట.”

“కోతలయ్యిందాకా క్వార్టరు ఆగదంట. వాడే చెప్పాడు.”

“ఆగదు గదా! అది తెలిసే వద్దనిపించావు!”

గురవమ్మ చింతపండు మీదికి తల వంచుకుంది.

ఈ పక్క మిరప కోతలకు కూలి ఒక్కటే చాలదు. మధ్యాహ్నం కూడు ఏ ఇంట్లో బాగుంటుందో ముఠావాళ్ళు నోటితో నోటికి చెప్పుకుంటారు. అచ్చంపేట నుంచి బెల్లంకొండ దాకా ఏ ఇంటి పప్పు నీళ్ళో, ఏ ఇంటి మజ్జిగ పులుపో వాళ్ళకు తెలుసు. మూడేళ్ళుగా ఆ చెప్పుకోవడంలో నాగవేణి పేరు ముందుంది.

ఆ వంట ఆమె కూలీల కోసం నేర్చుకోలేదు. పెళ్ళైన కొత్తలో గోపీచంద్ సెలవుకు వచ్చి మొదటి ముద్దకే నీళ్ళు తాగాడు. మెస్సులో రొట్టె, ఆలుగడ్డ తిని తిని అతని నాలుక ఊరి కారం మర్చిపోయింది. గురవమ్మకు అది తలకొట్టేసినట్టయింది. “నా కడుపున పుట్టి నా కారం తినలేడా?” అని కోడలు దింపిన కూరలో చాటుగా ఇంకో చెంచా వేసేది. నాగవేణి మొదటి వారం కారం సగానికి తగ్గించి, రెండో వారం కొంచెం పెంచి, మూడో వారానికి అతన్ని గోంగూర పచ్చడి దాకా తెచ్చేది. నాలుగో వారం అతను లొట్టలు వేసుకుంటూ తినేవాడు. అప్పటికి సెలవు అయిపోయేది. మళ్ళీ వచ్చినప్పుడు మళ్ళీ మొదటి వారమే.

తొమ్మిదేళ్ళ పెళ్ళి. ఏడాదికి రెండు నెలలు. కలిపితే పద్దెనిమిది నెలల కాపురం, అందులో సగం అతనికి కారం అలవాటు చేయడంతోనే సరిపోయింది.

జనవరి ఇరవై ఆరున ఊరి సెంటర్లో గోపీచంద్ ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. తుపాకీ, జెండా, వెనక మంచుకొండలు. దాని కింద నిలబడి ఫొటోలు దిగినవాళ్ళలో ఒక్కడన్నా నాగవేణిని అడిగాడా, అమ్మాయ్ నువ్వు ఎప్పుడు పోతున్నావు అని? అడగడు. మిలటరీవాడి పెళ్ళాం అంటే వీళ్ళకు మిలటరీ క్యాంటీన్ మందు సీసా. అదీ లేకపోతే అత్తకు చాకిరీ చేసే మంచి కోడలు. దేశం కోసం మొగుణ్ణి పంపింది అని చప్పట్లు కొడతారు. ఆమె పంపలేదు. ఆమెను ఎవరూ అడగలేదు. నిన్నా అడగలేదు, ఇవాళా అడగలేదు.

నాగవేణి ఎసట్లో బియ్యం పోసింది.

“ఇప్పుడు నేను పొయ్యి ఆర్పేసి గదిలో కూర్చుంటే ఏం చేస్తావత్తా?”

గురవమ్మ ఉలిక్కిపడింది. “అంత పని చెయ్యబాకే. జనం చేలో ఉన్నారు.”

“చెయ్యనులే. ఎండలో నడుం వంచి కాయ కోసేవాళ్ళ కడుపు మీద అలిగేదాన్ని గాదు నేను. అది మీకు తెలుసు. తెలిసే గదా ఇంత ధైర్యం.”

పక్క పొయ్యి మీద దోసకాయ పప్పు ఉడుకుతోంది. మూత తీసి గరిటె పెట్టి కలిపింది. ఆవిరి మొహానికి కొట్టింది. తుడుచుకోలేదు.

“యూనిట్ ఇంకెన్నాళ్ళు ఉండిద్ది జబల్‌పూర్‌లో?” భర్తను చూడకుండానే అడిగింది.

“పద్నాలుగు నెలలు.”

“తర్వాత?”

“బోర్డర్. పైకి.”

“అక్కడికి మమ్మల్ని రానిస్తారా?”

“రానివ్వరు.”

“నీ పేరు మళ్ళీ లిస్టులో పైకి రావటానికి ఎంత కాలం?”

“వద్దని రాసిస్తే అట్టడుక్కి పోయిద్ది. రెండేళ్ళు. ఎక్కువే పట్టొచ్చు.”

నాగవేణి గరిటె పక్కన పెట్టింది. పద్నాలుగు నెలలకూ రెండేళ్ళకూ మధ్య ఇక ఆమె కాపురానికి చోటు లేదు. దానికి వేళ్ళు మడిచి లెక్కపెట్టక్కర్లేదు.

బయట ఆటో ఆగిన చప్పుడైంది. ముఠా పెద్ద అంకమ్మ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని లోపలికి వచ్చింది. మాచర్ల పక్క మనిషి. అరవై దాటినా ఆమె నడకకు కుర్రవాళ్ళు పరుగెత్తాలి.

“ఏంది వదినా, మీ ఇంటి రచ్చ పొలం గట్టు దాకా ఇనపడతంది? బువ్వ అయిందా? మావాళ్ళు కాయ కొయ్యటం మాని దారెంక చూస్తన్నారు.”

“వార్చాలి. పది నిమిషాలు” అంది నాగవేణి. “అత్తా, పోపుకి ఆవాలు అందుకో.” గొంతులో కోపం అలాగే ఉంది. పని కూడా అలాగే ఉంది.

అంకమ్మ ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూసింది. “ఏందమ్మాయ్? మిలటరీ ఆయన పోతన్నాడనా?”

“ఆయన పోటం కాదు పిన్నీ. నేను పోవాల్సింది. నువ్వు పోనియ్యలేదంట.”

“నేనా?” అంకమ్మ చెయ్యి గుండె మీదికి పోయింది. “నేనేం జేశానే?”

“నేను వండకపోతే మీ ముఠా రాదన్నావంట. అందుకని నన్ను ఇక్కడ ఉంచేశారు. మొగుడికాడికి పోనీకుండా కాగితం మీద సంతకం పెట్టి మరీ ఉంచేశారు.”

అంకమ్మ గురవమ్మ వైపు తిరిగింది.

“ఓసి నీ తెలివి తెల్లారా! పప్పు బాగుందని అన్నానే వదినా! ముద్ద నోట్లో పెట్టుకుని అన్నా. ఇంకో గరిటె ఎయ్యవే అనటానికి అన్నా! నేను యాడకి పోయినా వండినామె ఎదురుగా ఉంటే ఆ మాటే అంటా. బెల్లంకొండలో రెడ్డిగారింట్లో సరస్వతమ్మ నీళ్ళచారు పోసినా అంటా. అది కడుపు నిండినోళ్ళు అనే మాట. దాన్ని కోర్టు రాతలాగా పట్టుకున్నావా?”

“మరి మా చేలోకే ఎందుకొస్తన్నారు?” అంది గురవమ్మ, ఆవాల డబ్బా అందుకుంటూ.

“మీ చేను పక్కన బోరు ఉంది. తాగటానికి నీళ్ళుంటాయి. కూర్చోటానికి నీడుంది. ఆడోళ్ళు పోవటానికి మరుగుంది. ఇంకేం గావాలి మాకు? రేపటేల నువ్వు ఊరగాయ, మజ్జిగ పెట్టినా వస్తాం. ఈ పిల్ల కాపురం చెడగొట్టి పెట్టే కూడు మాకొద్దు.”

గురవమ్మ చేతిలో ఆవాల డబ్బా అలాగే ఉండిపోయింది. కోడలు వంట మెచ్చుకున్నారని మూడేళ్ళుగా ఊరంతా చెప్పుకు తిరిగిన మనిషి. ఆ మెప్పే షరతు అనుకుంది.

నాగవేణి గంజి వార్చింది. అన్నం తపేలా, పప్పు గిన్నె, గోంగూర పచ్చడి, మజ్జిగ క్యాను, అన్నీ తనే మోసి ఆటోలో పెట్టింది. అంకమ్మ సాయం పట్టబోతే వద్దంది.

“నేను వచ్చి చెప్పనా మీ ఆయనకి?” అంది అంకమ్మ, గొంతు తగ్గించి.

“చెప్పటానికి ఇంకేం మిగల్లేదు పిన్నీ. ఆ క్వార్టరు ఇంకోళ్ళకి ఇచ్చేశారు. మీరు తినండి. చల్లారిపోయిద్ది.”

ఆటో వెళ్ళిపోయింది.

ఆమె వెనక్కి వచ్చేసరికి గోపీచంద్ నిలబడి ఉన్నాడు. ఒక కాలికి బూటు ఉంది. రెండోది చేతిలో ఉంది.

“అమ్మననబాకు” అన్నాడు. “అమ్మ చెప్పకపోయినా పెట్టేవాణ్ణి సంతకం.”

గురవమ్మ తలెత్తింది. నాగవేణి కొంగుతో చేతులు తుడుచుకుంటున్నదల్లా ఆగిపోయింది.

“ఏందన్నావు?”

“అమ్మ ఫోన్ చేసినాక నాకు దారి దొరికినట్టయింది. అంతే.”

“దేనికి దారి?”

అతను బూటు కింద పెట్టాడు. మాటలు వెతుక్కున్నాడు. యూనిట్‌లో అందరికన్నా బాగా మాట్లాడతాడని పేరు. ఇంట్లో మాత్రం వాక్యం సగంలో ఆగిపోతుంది.

“పదమూడేళ్ళు బ్యారక్‌లో పడుకున్నా. నాకంటూ ఒక ట్రంకుపెట్టె, ఒక మంచం. పొద్దున విజిల్ ఏస్తే లేస్తా, సందకాడ విజిల్ ఏస్తే తింటా. ఎవురూ ఏమీ అడగరు. ఇక్కడికొస్తే పదిహేను రోజులు బాగానే ఉండిద్ది. నువ్వు కూరలు వండుతావు, లహరి ఎంటబడి తిరిగిద్ది. పదహారో రోజు నుంచి ఏం మాట్లాడాలో తెలవదు నాగా. నువ్వు అడుగుతావు, ఏంది అట్టున్నావని. ఎట్టున్నానో నాకే తెలవదు. బూట్లు తుడుస్తా.”

“అందుకనా?”

“సెలవయితే సరిపోయిద్ది. నెలరోజులు మంచి మొగుడిగా ఉండొచ్చు. నువ్వక్కడికొస్తే రోజూ ఇంటికి రావాలి. రోజూ. అది నాకు చేతగాదు.”

పొయ్యిలో కట్టె చిటపటమంది. గురవమ్మ లేవబోయి, మోకాలు పట్టేసి, మళ్ళీ కూర్చుంది. కొడుకును పొలం కోసం అడ్డం పెట్టుకున్నాననుకుంది. కొడుకే తనను అడ్డం పెట్టుకున్నాడని ఇప్పుడు తెలిసింది.

నాగవేణికి ఏడుపు రాలేదు. ఇన్నాళ్ళూ ఆమె అత్త మీద, చేను మీద, కోతల మీద కోపం పెట్టుకుంది. వాటిని ఎప్పుడో ఒకప్పుడు గెలవొచ్చు. చేను కౌలుకు ఇవ్వొచ్చు. అత్తను తీసుకుపోవచ్చు. ఇంటికి రావడం చేతకాని మనిషిని ఏం చేయాలి? ఏ లిస్టులో ఎన్నేళ్ళు ఎదురుచూడాలి?

“నాకు మాత్రం చేతనయిందా?” అంది చివరికి. “పంతొమ్మిదేళ్ళకి ఈ ఇంటికొచ్చా. నువ్వు పదో రోజు బండెక్కావు. నీతో ఎట్టుండాలో నాకెవురు నేర్పారు? సెలవు సెలవుకీ కొత్తగా మొదలుపెట్టా. నువ్వు ఒక్కసారి మొదలుపెట్టలేవా?”

అతను వంగి కాలికున్న బూటు లేసు బిగించాడు.

“నాగవేణక్కా!”

గుమ్మంలో నజీమా. బుర్ఖా ముసుగు వెనక్కి తోసి, చేతిలో స్టీలు డబ్బాతో నవ్వుతూ నిలబడింది. బస్సులో వచ్చి స్టాపు నుంచి నడిచినట్టుంది, చెమటతో ఉంది.

“ఫోన్‌లో చెప్పి ఊరుకుంటే బాగుండదని పొద్దున్నే బయల్దేరా. డబుల్ కా మీఠా చేశా అక్కా, నీకోసం. పెద్దమ్మా, బాగున్నారా? అన్నా, సలామ్.”

వాళ్ళ మొహాలు నజీమా గమనించలేదు. సంతోషంలో ఉన్నవాళ్ళు గమనించరు. మంచం అంచున కూర్చుని డబ్బా మూత తీసింది.

“నిజం చెప్పాలంటే నేను నమ్మలా. నువ్వు రానన్నావంటే నాకు ఆశ్చర్యమేసింది. రెండేళ్ళ నుంచి ఆడ కూరగాయలు దొరుకుతాయా, నీళ్ళెట్టుంటాయి, మీ ఆయన్నడిగి చెప్పు అని నన్ను చంపేదానివి గదా! మా ఆయన చెప్పాడు, కాగితం మీద అట్నే రాసుందంట. భార్య రావటానికి ఇష్టపడట్లేదు, అత్తగారి ఇల్లు వదలనంటంది అని. యూనిట్‌లో అందరూ మెచ్చుకున్నారంట అక్కా. అత్తను అంత బాగా చూసుకునే కోడలు ఉండిద్దా అని.”

నాగవేణి మెల్లగా భర్త వైపు తిరిగింది.

“అట్నే రాశావా?”

“రీజన్ అని ఒక గడి ఉండిద్ది” అన్నాడు గోపీచంద్. “ఏదోటి రాయాలి. అందరూ అదే రాస్తారు. మామూలే అది.”

“నేను రానన్నానని?”

“ఫార్మాలిటీ నాగా.”

నజీమా మొహంలో నవ్వు ఆరిపోయింది. డబ్బా మూత పెట్టబోయింది. మూత జారి కింద పడింది.

“అక్కా... నీకు తెలవదా?”

“నిన్న నువ్వు చెప్తేనే తెలిసింది.”

“యా అల్లా.” నజీమా లేచి నిలబడింది. “నేను వద్దంటా. ఇప్పుడే ఆయనకి ఫోన్ చేసి చెప్తా. మాకొద్దు అక్కా, నీ ఉసురు మాకొద్దు.”

“కూర్చో.” నాగవేణి ఆమె భుజం పట్టి కూర్చోబెట్టింది. “నువ్వొద్దంటే అది నాకు రాదు. లిస్టులో నీ కింద ఉన్నోడికి పోయిద్ది. మీ అన్నోళ్ళింట్లో ఒక్క గదిలో ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని ఎన్నేళ్ళు పడతావు? నువ్వు పో. పోయేప్పుడు గోంగూర ఎండబెట్టి తీసుకుపో, ఆడ దొరకదంట. ఆ నీళ్ళకి పప్పు తొందరగా ఉడకదు, కుక్కరు రబ్బర్లు రెండు ఎక్కువ కొనుక్కో. మార్చిలోనే ఎండలు మండుతాయంట, కుండ ఒకటి చూసుకో.”

చూడని ఇంటికి కావలసినవన్నీ ఆమెకు నోటికి వచ్చు. నజీమా వింటూ కళ్ళు తుడుచుకుంది. డబ్బా అక్కడే వదిలేసి, గుమ్మం దాటి వెళ్ళిపోయింది.

గోపీచంద్ మంచం మీద కూర్చుని రెండో బూటు అందుకున్నాడు. నాగవేణి వంగి దాన్ని అతని చేతిలోంచి లాక్కుని వసారా అవతలికి విసిరింది.

“నువ్వు నాతో ఉండలేకపోతే పో. అది నీ చేతగానితనం. దాన్ని నేను మొయ్యగలను, ఏడ్చుకుంటానో చస్తానో నేను చూసుకుంటా. నా నోట్లోంచి రాని మాట నా పేరున రాయటానికి నువ్వెవరివయ్యా? రేపు లహరి పెద్దదయ్యాక మా అమ్మే నాన్నకాడికి పోలేదంట అని అనుకోవాలా? నా నోరు గూడా మీకే గావాలా?”

“పోయినాక సుబేదార్ సాబ్‌తో మాట్లాడతాలే...”

“పోయినాక గాదు. బండెక్కితే నువ్వు యూనిట్ మడిసివి. నా మాట ఈ పెరట్లోనే మిగిలిపోయిద్ది. అత్తా, నువ్వు లోపలికి పోబాకు. కూర్చుని ఇను.”

మంచం మీద ఉన్న ఫోన్ తీసి నాగవేణి భర్త ఒళ్ళో పడేసింది.

“ఇప్పుడే చెయ్యి మీ సుబేదార్‌కి. స్పీకర్ పెట్టు. నా పెళ్ళాం రానన్లేదు, నేనే వద్దన్నా, అబద్ధం రాశా అని చెప్పు. ఆ గడిలో నా మాట కొట్టేసి నీ మాట రాయమను. లిస్టు అట్టడుగునైనా సరే, మళ్ళీ పేరు పెట్టమను. నా ముందర, మీ అమ్మ ముందర. చెయ్యి!”